చింతపండు కుండలో నాణేలు

ముప్పయ్యేళ్ళుగా నా దగ్గర ఒక కథ ఉండేది. స్టాఫ్ రూములో మధ్యాహ్నం క్యారేజీలు విప్పినప్పుడూ, సభలయ్యాక భోజనాల దగ్గరా, ఎవరైనా దొంగల మాటో బ్యాంకు లాకర్ల మాటో ఎత్తగానే నేను అందుకునేదాన్ని. మా నాన్న పాత నాణేలు పోగుచేసేవాడని, వాటిని ఎక్కడ దాచాలో తెలియక ఇల్లంతా తిరిగేవాడని, పదేళ్ళదాన్ని నేను "చింతపండు కుండలో పెడదాం నాన్నా" అన్నానని, ఆ తర్వాత ఏడేళ్ళు అవి మా వంటింట్లో ఎవరి కంటా పడకుండా ఉన్నాయని చెప్పేదాన్ని. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. అంత చిన్న వయసులో అంత తెలివా అని మెచ్చుకునేవాళ్ళు. నేను కాస్త సిగ్గు నటించి, ఆ మెప్పంతా కొంగున కట్టుకుని ఇంటికొచ్చేదాన్ని. పోయిన వేసవి నుంచి ఆ కథ చెప్పడం మానేశాను. ఎందుకు మానేశానో రాయకుండా తప్పించుకోవాలని చాలా నెలలు చూశాను. కుదరలేదు, అందుకే ఇప్పుడు కూర్చున్నాను.

మాది నరసరావుపేట. నాన్న హైస్కూల్లో సోషల్ మాస్టారు. తొలకరి పడిందంటే ఆయన కాళ్ళు ఇంట్లో నిలిచేవి కావు. శనివారం బడి వదలగానే గొడుగూ గుడ్డసంచీ పట్టుకుని సత్తెనపల్లి మీదుగా అమరావతి బస్సెక్కేవాడు. అమరావతి పక్కనే ధరణికోట. వానకి పైమట్టి కడుక్కుపోయిన పొలాల్లో రైతుల కాళ్ళకి పాత నాణేలు తగులుతుండేవి. వాళ్ళకవి దేనికీ పనికొచ్చేవి కావు, కరగబోసి చేపల వలలకి బరువు కట్టుకోవడానికి తప్ప. నాన్న వాళ్ళకి టీలు తాగించి, బీడీకట్టలిచ్చి, అవి తెచ్చుకునేవాడు. ఆయన తిరిగొచ్చేసరికి సంచీ తడిమట్టి వాసన వేసేది. కొన్ని రాగివి, ఎక్కువ సీసానివి. నల్లగా, వంకరగా, దారిలో కనపడితే ఎవరూ వంగి ఏరుకోని ముక్కలు. చేతిలోకి తీసుకుంటే మాత్రం ఆ సైజుకి అంత బరువేందా అనిపించేది. నాన్న వాకిట్లో పీట మీద కూర్చుని, పాత టూత్‌బ్రష్‌తో వాటిని మెల్లగా తోమి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఒక్కొక్కటే కంటికి ఆనించుకుని చూసేవాడు. కొన్నిటి మీద తొండం ఎత్తిన ఏనుగు ఉండేది. "రెండువేల ఏళ్ళే! రెండువేల ఏళ్ళనాటి ఏనుగే ఇది!" అనేవాడు అమ్మతో. అప్పుడు ఆయన గొంతులో ఉండే మెత్తదనం మా ఎవరి పేరు పిలిచినప్పుడూ ఉండేది కాదు. నాకు ఆ ఏనుగుల మీద కుళ్ళుగా ఉండేది.

తెచ్చుకోవడం ఒక ఎత్తు, దాచుకోవడం ఒక ఎత్తు. నాన్నకి రెండు భయాలు. ఒకటి దొంగలు. రెండోది, అంతకంటే పెద్దది, తాసిల్దారు ఆఫీసు. భూమిలో దొరికింది గవర్నమెంటుకి అప్పజెప్పాలని ఆయనే క్లాసులో పాఠం చెప్పేవాడు మరి. అందుకని బ్యాంకుకి తీసుకెళ్ళడు, బీరువాలో పెట్టడు. "దొంగెదవ ముందు తెరిచేది బీరువానే గదా" అనేవాడు. బియ్యం డబ్బాలో ఒక వారం, పరుపు కింద ఒక వారం, అటక మీద పాత పుస్తకాల వెనక ఒక వారం. ఎక్కడ పెట్టినా ఆయనకి నిద్రపట్టేది కాదు. ఇల్లు ఖాళీగా వదలకూడదన్నది మా ఇంటి చట్టం. ఆదివారం నాన్నా, నేనూ, నా చెల్లెలు సలోమీ చర్చికి వెళితే అమ్మ కాపలా ఉండేది. అమ్మ పెళ్ళికి ముందు శావల్యాపురంలో వాళ్ళ చర్చిలో పాటలకి ముందు గొంతెత్తే మనిషి. "ఒక్క వారం నువ్వుండు, నేను పోయొస్తా" అని అడిగితే, "ఇంటి మగోడు చర్చికి రాలేదంటే పాస్టరు గారు ఏమనుకుంటాడే" అనేవాడు. మేం వెళ్ళాక అమ్మ ఒక్కతే కిటికీ దగ్గర నిలబడి పాడుకునేదని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆ సీసం ముక్కల కోసం అమ్మ రెండేళ్ళు ప్రభువు బల్లకి, అక్కడిచ్చే రొట్టెకీ ద్రాక్షరసానికీ, దూరంగా ఉండిపోయింది.

ఆ వేసవి అమ్మ కొత్త చింతపండు కుండకెత్తుతోంది. ఏడాదికి సరిపడా చింతపండు ఎండబెట్టి, గింజా ఈనే తీసి, రాళ్ళుప్పు కలిపి, గుప్పిళ్ళతో కుండలోకి గట్టిగా దట్టించి, మూతికి గుడ్డ కట్టి వంటింటి మూలన పెట్టేది. ఆ రెండు రోజులూ ఇల్లంతా పుల్లటి వాసన తిరిగేది, అందరి వేళ్ళూ నల్లగా జిగటగా ఉండేవి. నాన్న పక్కనే సంచి ఒళ్ళో పెట్టుకుని, ఈసారి ఎక్కడ పెట్టాలా అని తనలో తను గొణుక్కుంటున్నాడు. నేను గింజలు తీస్తూ అన్నాను, "చింతపండు కుండలో అడుగున పెడదాం నాన్నా. ఏడాది చింతపండు ఎవరు తోడి చూస్తారు?" అని. నాన్న నావైపు అలాగే చూశాడు. "ఒసేయ్, బుర్రంటే ఇదే!" అని లేచొచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆయన నా తల మీద చెయ్యి పెట్టడం అదే మొదలు. అమ్మ ఒక్కతే "తినేదాంట్లోనా?" అని నసిగింది. "గుడ్డసంచిలో ఉంటయ్యిగా, నీ చింతపండుకేం కాదులే" అన్నాడు. సంచి మూతి సూదితో కుట్టేశాడు. తర్వాతి ఆదివారం మేం నలుగురం ఇంటికి తాళం వేసి చర్చికి వెళ్ళాం. అమ్మ నీలం అంచు తెల్లచీర కట్టుకుంది. ఆమె పాడుతుంటే ముందు బెంచీలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఇదంతా నావల్లే అని నేను పొంగిపోయాను.

సలోమికప్పుడు ఐదేళ్ళు. సండేస్కూల్లో ఒక్కసారి విన్న వాక్యం తప్పు లేకుండా అప్పజెప్పేది. పాట వింటే మర్నాటికి వీధివీధంతా పాడి వినిపించేది. ఈ సంగతి ఇప్పుడు తవ్వుకుని రాస్తున్నాను గానీ, మధ్యలో ఇన్నేళ్ళు మా ఇంట్లో ఎవరికీ ఇది గుర్తు లేదు.

మా ఇంట్లో పులుపు లేని పూట ఉండేది కాదు. పప్పులోకీ, చారులోకీ, చివరికి గోంగూరలోకి కూడా ఇంత చింతపండు పడాల్సిందే. నాన్నకి మాత్రం కడుపులో పుండు ఉందని డాక్టరు పులుపు మాన్పించాడు. ఆయనకి విడిగా చప్పిడి పప్పు, మజ్జిగ. నేను ఆ ఏడే ఆరో తరగతికి గుంటూరు హాస్టలుకి వెళ్ళిపోయాను. కాబట్టి ఆ కుండలోది రోజూ తిన్నది అమ్మా, సలోమీ. పైనుంచి తీసుకుంటూ పోతే మళ్ళీ వేసవి దగ్గరపడేసరికి కుండ అడుగుకి వచ్చేది. అప్పుడు నాన్న సంచి విప్పకుండానే కొత్త కుండ అడుగుకి మార్పించేవాడు; ఆ ఏడు తెచ్చినవి ఇంకో సంచిలో కుట్టి దాని పక్కన పెట్టించేవాడు. అడుగు చింతపండు నల్లగా ఉండి, వింతగా తియ్యగా ఉండేది. ఏడాది మాగింది గదా, అందుకని తీపెక్కిందనుకునేవాళ్ళం. సలోమికి అదంటే ప్రాణం. ఇంత ముద్ద గీకి, ఉప్పూ కారం అద్ది, చీపురుపుల్లకి గుచ్చి చప్పరిస్తూ తిరిగేది. సెలవులకి నేనొస్తే నాకూ ఒకటి చేసి పెట్టేది. నాకు హాస్టల్లో కొత్తగా అబ్బిన గొప్పలు కొన్ని ఉండేవి. అట్లాంటివి చప్పరించడం మోటని నెట్టేసేదాన్ని.

రెండేళ్ళు తిరిగేసరికి సలోమికి కడుపునొప్పులు మొదలయ్యాయి. మెలికలు తిరిగిపోయేది. డాక్టరు నులిపురుగులన్నాడు. ఆర్నెల్లకోసారి అదే మాట, అదే మందు. పిల్ల పాలిపోయింది. చిగుళ్ళ అంచున నల్లటి గీత వచ్చింది. పళ్ళు సరిగ్గా తోముకోదని అమ్మ బొగ్గుపొడి పెట్టి తనే రక్తం వచ్చేదాకా తోమేది. గీత పోయేది కాదు. చదివింది చదివినట్టే మర్చిపోయేది. చెయ్యి వణికి, రాసిన అక్షరాలు గీతలు దాటి కిందికి జారేవి. ఊరికే ఏడ్చేది, ఊరికే విసిరికొట్టేది. ఆ ఏళ్ళలోనే అమ్మకి రెండుసార్లు కడుపు నిలవకుండా పోయింది. తన పాపమేదో ఇంటిని పట్టుకుందని అమ్మ ఉపవాస ప్రార్థనలు చేసింది. ప్రార్థన ముగించి లేచి, ఆ కుండలో చెయ్యిపెట్టి పులుసుకి చింతపండు తీసేది.

ఆరో తరగతిలో సలోమి నాన్న క్లాసుకే వచ్చింది. ఏ రాజు తర్వాత ఏ రాజో చెప్పమంటే నోరు తెరుచుకుని నిలబడేది. నాన్న బెంచీ ఎక్కించేవాడు. సొంత కూతుర్ని నాలుగు దెబ్బలు ఎక్కువ కొడితే మిగతావాళ్ళు దారిలో ఉంటారని ఆయన నమ్మకం. ఇంటికొచ్చి, "దీని తలకాయలో మట్టేనే. బుర్రంతా పెద్దదానికే పోయింది" అనేవాడు అమ్మతో. నన్ను పొగడాలంటే దాన్ని తిట్టేవాడు, దాన్ని తిట్టాలంటే నన్ను పొగిడేవాడు. నేను వద్దనలేదు. వద్దనకపోగా సెలవులకొచ్చి నేనూ దాన్ని "ఒసే మొద్దూ" అనే పిలిచేదాన్ని. అది "ఏందక్కా" అని పలికేది.

నేను ఇంటర్లో ఉండగా ఒక వేసవి, ఎవరికో చూపించాలని నాన్న సంచుల కుట్లు విప్పి వాకిట్లో చాప మీద బోర్లించాడు. రాగివి కొత్త బిందెల్లా ఎర్రగా మెరుస్తున్నాయి. సీసం వాటి మీద తెల్లటి పొడి పేరుకుంది. నీళ్ళలో కడిగితే పొడితోపాటు ఏనుగులూ పోయాయి. గుంటలు పడి, అంచులు కొరుక్కుపోయి, కొన్నయితే రేకుల్లా పలచబడి ఉన్నాయి. నాన్న ఒక్కొక్కటీ కంటికి ఆనించుకుని చూసి పక్కన పెట్టాడు. అన్నీ అయ్యాక చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. మా తాత పోయినప్పుడు కూడా ఏడవని మనిషి.

"చింతపండు నా ఏనుగుల్ని తినేసిందే," అన్నాడు.

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కుండలో ఇంకా కొంచెం మిగిలింది. "మరి ఈ చింతపండు పారబొయ్యనా?" అని అడిగింది.

"ఎందుకే? చింతపండుకేమైంది?" అన్నాడు నాన్న.

నేనక్కడే ఉన్నాను. ఇంటర్లో నాది సైన్సు గ్రూపు. కెమిస్ట్రీలో క్లాసులో నేనే ఫస్టు. పులుపు లోహాన్ని తింటే ఆ తిన్నది ఎక్కడికి పోతుందో అడగాల్సినదాన్ని నేను. నాకా ఆలోచనే రాలేదు. ఆ మిగిలిన చింతపండుతో ఇంకో పదిరోజులు పులుసు కాచుకున్నారు. ముప్పయ్యేళ్ళు నేను చెప్పుకుతిరిగిన కథలో ఈ ఘట్టం ఉండేది కాదు. దీన్ని చెబితే నవ్వు పాడవుతుందని ఎప్పుడో తీసేశాను.

సలోమి ఏడో తరగతి తప్పింది. నాన్న మళ్ళీ పరీక్షకి కట్టించలేదు. నాణేలు కొత్తగా కొన్న ఇనప బీరువాలోకి మారాయి కనక ఇంటికి మళ్ళీ కాపలామనిషి కావలసొచ్చింది. "సలోమి ఉంటదిగా" అనేది మా ఇంట్లో ఊతపదమైంది. ఎవరి పెళ్ళయినా, క్రిస్మస్ ఆరాధనయినా సలోమి ఉంటుంది. గుంటూరులో నా పెళ్ళి జరుగుతుంటే సలోమి పేటలో బీరువా ఉన్న గదిలో కూర్చుని ఉంది. దాని పెళ్ళి మాట ఒకటి రెండుసార్లు వచ్చి పోయింది. అమ్మకి మంచం మీద సేవ చేసింది అదే, తర్వాత నాన్నకి చేసింది అదే. నాకు ఉద్యోగం, పుస్తకాలు, శాలువాలు. ఏడాదికి రెండు చీరలు పంపి చెల్లెల్ని చూసుకుంటున్నాననుకున్నాను. నిరుడు నాన్న పోయాక గానీ ఆ ఇంట్లో వారం రోజులు వరసగా ఉండలేదు.

నాణేలు ఏం చెయ్యాలో అడుగుదామని షమీమ్ గారిని పిలిచాను. గురజాల మనిషి, కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. పాత లోహపు వస్తువులు పాడవకుండా చూడటం ఆమెకి ఇష్టమైన పని. గ్లౌజులు తొడుక్కుని బల్ల మీద మెత్తటి కాగితం పొట్లాలు పరిచింది. పాత నాణేల్ని చెక్కపెట్టెలో ఉంచకూడదని, ప్లాస్టిక్ కవర్లలో అసలే వద్దని, తేమ తగలకుండా దేనికది విడిగా కాగితంలో పెట్టాలని, చేతి చెమట కూడా వాటికి పడదని చెబుతూ పని చేస్తోంది. సలోమి పాలకని వెళ్ళింది. షమీమ్ గారు ఒక సీసం నాణేన్ని తిప్పితిప్పి చూసి, "వీటికి యాసిడ్ లాంటిది తగిలింది మేడమ్. ఎందులో పెట్టారు?" అంది. నాకింకేం కావాలి, కథ అందుకున్నాను. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ నవ్వించాలో అక్కడ నవ్వు పెట్టి చెప్పాను. ఆమె నవ్వలేదు.

"ఆ చింతపండు ఏం చేశారు మేడమ్?"

"ఏం చేస్తాం, తిన్నాం."

"ఎన్నేళ్ళు?"

"ఏడు."

గ్లౌజులు తీసి పక్కన పెట్టింది. "అప్పుడు ఇంట్లో చిన్నపిల్లలు ఎవరైనా ఉన్నారా?"

ఒక్కొక్కటే అడిగింది. కడుపునొప్పులు వచ్చేవా, పాలిపోయారా, చిగుళ్ళ మీద నల్లగీత ఉండేదా, చదువు వెనకబడిందా అని. చివరికి "ఆ చింతపండు ఏమన్నా తియ్యగా ఉండేదా?" అంది. ఉండేదన్నాను. సీసం పులుపులో కరుగుతుందని, కరిగింది తియ్యగా ఉంటుందని, ఎదిగే పిల్లల మెదడుకి అంతకంటే చెడ్డది లేదని చెప్పింది. అప్పుడే సలోమి పాలగిన్నెతో వచ్చింది. టీ పెట్టి, గ్లాసులు ఒలకబోస్తూ మా ముందు పెట్టింది. షమీమ్ గారు ఆ వణికే చేతుల్ని చూసి తల దించుకుంది.

ఇన్నేళ్ళ తర్వాత ఇదే కారణమని ఏ పరీక్షతోనూ గట్టిగా చెప్పలేమని కూడా ఆమె అంది. ఆ మాట పట్టుకుని నేను కొన్ని వారాలు వేలాడాను. పుట్టుకతోనే అంతేమో అనుకున్నాను. అలా అనుకున్న ప్రతిసారీ ఐదేళ్ళ సలోమి వాక్యం అప్పజెబుతూ గుర్తొచ్చేది. గుంటూరులో మా పైఅంతస్తులో ఒక అమ్మాయి ఉంది. పిల్లాడికి బొమ్మ కొనేముందు దాని రంగులో ఏముందో ఫోన్లో వెతుకుతుంది. పిల్లాడు రెండు రోజులు అన్నం తినకపోతే రక్తపరీక్ష చేయిస్తుంది. ఆ అతిజాగ్రత్త చూసి నేను నవ్వేదాన్ని. ఇవేమీ లేకుండానే మేం పెరగలేదా అనేదాన్ని. మా రోజులే రోజులని మురిసిపోతూ వ్యాసాలు కూడా రాశాను. ఇప్పుడు వాటిని చూస్తే ఒళ్ళు మండుతోంది. పెరిగినవాళ్ళం పెరిగాం. పెరగనివాళ్ళు వంటింట్లో ఉండిపోయారు, వాళ్ళ వ్యాసాలు వాళ్ళు రాసుకోలేదు. నాన్నకి తెలియదు, నిజమే, డాక్టరుకే తెలియలేదు. కానీ నాణెం మీద ఏనుగు చెరిగిపోయిందని చూడగలిగిన మనిషి, కన్నకూతురి చెయ్యి వణుకుతుంటే బెంచీ ఎక్కించాడు. ఏనుగు కోసం ఏడ్చాడు. సలోమి కోసం ఆయన ఏడవగా నేను చూడలేదు. నేనాయన్ని క్షమించలేదు, క్షమించాలని ప్రయత్నం కూడా చెయ్యడం లేదు.

షమీమ్ గారు రాసిపెట్టిన కాగితాలతో నాణేలన్నీ మ్యూజియానికి ఇచ్చేశాం. బీరువాలో ఇప్పుడు దుప్పట్లు తప్ప ఏమీ లేవు. అయినా ఆదివారం ఇల్లు వదిలి రమ్మంటే సలోమి రాదు. పేటలో ఉన్నన్నాళ్ళూ చర్చికి నేనొక్కదాన్నే వెళ్ళొస్తున్నాను. తను మొద్దునని యాభై ఏళ్ళుగా నమ్ముకుని బతుకుతున్న మనిషికి ఆ మాట అబద్ధమని చెప్పడం నా బాధ్యత అనిపించింది. ఒక మధ్యాహ్నం సలోమి వరండాలో మిరపకాయల తొడిమలు తీస్తుంటే పక్కన కూర్చుని, సీసం సంగతీ చింతపండు సంగతీ చిన్నచిన్న మాటల్లో చెప్పాను. అది తొడిమలు తీయడం ఆపింది.

"అయితే నేను మొద్దుని కాదా అక్కా?"

"కాదే. నాకంటే చురుకైనదానివి."

"ఏడో క్లాసు పాసయ్యేదాన్నా?"

"ఏడేందే, చానా చదివేదానివి."

దానికి ఏడుపు రాలేదు. కాస్త నవ్వింది కూడా. ఏడ్చింది నేను. నన్ను ఏడవనిచ్చి, అప్పుడు అడిగింది.

"ఆ కుండలో పెట్టాలని ఎవరికి తోచిందక్కా?"

నిజం నోటిదాకా వచ్చింది. దాని మొహంలోకి చూశాను. యాభై ఏళ్ళలో మొదటిసారి అది నా కళ్ళలోకి సూటిగా చూస్తోంది.

"నాన్నకే," అన్నాను.

ఈమధ్య నేను రాసినవి అచ్చుకి పంపేముందు సలోమికి చదివి వినిపిస్తున్నాను. తను చదువుకోబోతే అక్షరాలు కదిలిపోతాయంటుంది. నిన్న ఇదీ చదవమంది. మొదటి పేరా మొత్తం వదిలేసి, నా మాట ఉన్నచోటల్లా అది నాన్న అన్నట్టు మార్చి చదివాను. ఎక్కడా తడబడలేదు. అంతా విని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నాన్న మీద మరీ అంత కోపంగా రాయమాకక్కా," అంది. "పాపం, తెలిసి చేశాడా?"